మోకాలి ఇంజెక్షన్లలో ఏది ఫస్టు? ముందు ఏ మోకాలో చెప్పండి

ప్రశ్న: ఫార్మకాలజీలో పీజీ చేస్తున్నాను. మోకాలి ఆస్టియోఆర్థ్రైటిస్‌కి కీలులోకి ఇచ్చే ఇంజెక్షన్ల మీద జంతువుల్లో జరిగిన అధ్యయనాలు పోగేస్తే నలభైకి పైగా పేపర్లు తేలాయి. స్టెరాయిడ్, హయలురోనిక్ ఆసిడ్ (కీలులో జారుడునిచ్చే పదార్థం), పీఆర్‌పీ (రక్తం నుంచి తీసిన, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న ప్లాస్మా), మూలకణాలు అన్నింటినీ సెలైన్‌తోనే పోల్చారు కాబట్టి, సెలైన్‌ని మధ్యలో పెట్టి నెట్‌వర్క్ మెటా అనాలిసిస్ (నేరుగా తలపడని మందుల్ని కూడా ఉమ్మడి కంట్రోలు ద్వారా పోల్చే లెక్క) చేశాను. మూలకణాలు మొదటి ర్యాంకు, పీఆర్‌పీ రెండు, స్టెరాయిడ్ ఆఖరున వచ్చాయి. కానీ ఒక పేపరుకీ ఇంకో పేపరుకీ పొంతన లేదు. కొన్నింటిలో ప్రభావం నమ్మలేనంత పెద్దగా ఉంది. గైడ్ గారేమో ర్యాంకుల పట్టికతో రాసేయమంటున్నారు. ఎక్కడ సరిదిద్దుకోవాలి? ఇంకో మాట. మా అమ్మకి డాక్టరు స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేద్దామన్నారు. ఈ పట్టిక చూపించి పీఆర్‌పీ అడగవచ్చా?

జవాబు: సాఫ్ట్‌వేర్ తన పని తాను సరిగానే చేసి ఉంటుంది. చిక్కంతా ‘సెలైన్’ అనే మాటలో ఉంది. నలభై పేపర్లలోనూ అదే మాట కనిపించేసరికి అదంతా ఒకటే అనుకున్నారు. ఎలుక మోకాల్లో విషం ఎక్కించి నాలుగు వారాలు ఆగాక ఇచ్చిన సెలైనూ, కుందేలు లిగమెంట్ కోసి ఎనిమిది వారాలయ్యాక ఇచ్చిన సెలైనూ ఒకే సీసాలోవి కావచ్చు, అవి దిగిన మోకాళ్ళు మాత్రం వేరు. నెట్‌వర్క్ లెక్క నిలబడాలంటే ఒక షరతు ఉంది. ఏ మందు తీసుకున్న జంతువైనా, ఇంకో మందు జట్టులో ఉండి ఉన్నా చెల్లిపోయేలా ఉండాలి. మీ పేపర్లకి ఈ షరతు పెట్టి చూడండి. స్టెరాయిడ్ అధ్యయనాల్లో ఎక్కువ భాగం రసాయనంతో చెడగొట్టిన ఎలుకల్లో, మూలకణాలవి ఎక్కువ భాగం శస్త్రచికిత్స చేసిన కుందేళ్ళలో, మేకల్లో ఉంటే, మీరు పోల్చింది మందుల్ని కాదు, మోకాళ్ళని.

అందుకని మొదట పేపర్లని మందు పేరుతో కాక, మోకాలు చెడగొట్టిన పద్ధతి పేరుతో విడగొట్టండి.

ఎలుకల్లో ఎక్కువగా కనిపించేది ఎంఐఏ, అంటే మోనోసోడియం అయోడోఅసిటేట్. సాధారణంగా 1 నుంచి 3 మి.గ్రా. దాకా 50 మైక్రోలీటర్ల సెలైన్‌లో కలిపి కీలులోకి ఎక్కిస్తారు. కణం చక్కెరను మండించుకునే దారిలో ఒక ఎంజైమును ఇది ఆపేస్తుంది. మృదులాస్థి కణాలకి బతుకుతెరువు దాదాపు ఆ దారే కాబట్టి రోజుల్లోనే చచ్చిపోతాయి. మొదటి వారం వాపు, మంట. రెండు వారాలు దాటేసరికి వాపు తగ్గి, మొండి నొప్పి మిగులుతుంది. ఇప్పుడు ఈ మోకాల్లో స్టెరాయిడ్ మొదటి వారంలో ఇస్తే నొప్పి కొలతలో అద్భుతంగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడున్నది వాపే. మృదులాస్థిని పెంచే మందు ఇస్తే ఏమీ కనిపించకపోవచ్చు, ఎందుకంటే ఆ మందు మాట వినే కణాలే మిగల్లేదు. ఈ మోడల్ నొప్పి మందుల్ని పరీక్షించడానికి బావుంటుంది. మృదులాస్థిని కాపాడిందా లేదా అని తేల్చడానికి దీన్ని వాడిన పేపరు కనిపిస్తే పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టుకోండి.

కుందేళ్ళలో, కుక్కల్లో ఏసీఎల్ (మోకాలిని నిలిపే ముందువైపు లిగమెంట్) కోస్తారు. చిట్టెలుకల్లో లోపలివైపు మెనిస్కస్‌ని (మోకాల్లో మెత్తలా ఉండే మృదులాస్థి దిండుని) పట్టి ఉంచే లిగమెంట్ కోసి వదిలేస్తారు, అదే 2007 నుంచి ప్రచారంలోకొచ్చిన డీఎంఎం పద్ధతి. ఇక్కడ కీలు వదులై, బరువు తప్పుగా పడి, మెల్లగా అరుగుతుంది. మనుషుల్లో దెబ్బ తగిలాక వచ్చే అరుగుదలకి ఇది దగ్గర. వయసుతో వచ్చేదానికి దగ్గరగా ఉండేది డంకిన్-హార్ట్‌లీ గినీ పందుల్లో తనంతట తాను వచ్చే జబ్బు. దానికి నెలల తరబడి ఆగాలి కాబట్టి పేపర్లు తక్కువ.

ఒకే మోడల్ లోపల కూడా తేదీలు చూడండి. శస్త్రచికిత్స అయిన వారానికే ఇంజెక్షన్ మొదలుపెడితే అది జబ్బు రాకుండా ఆపడం. ఎనిమిది వారాల తరవాత మొదలుపెడితే వచ్చిన జబ్బుకి వైద్యం. పేపరు శీర్షికలో రెంటికీ ‘చికిత్స’ అనే రాస్తారు. మీ పట్టికలో ‘మోకాలు చెడగొట్టిన రోజు నుంచి మొదటి మందు దాకా ఎన్ని రోజులు’, ‘చివరి మందు నుంచి కొలిచేదాకా ఎన్ని రోజులు’ అని రెండు గళ్ళు వేరుగా ఉండాలి. హయలురోనిక్ ఆసిడ్ ఇచ్చిన మూడో రోజు నొప్పి కొలిచిన పేపరుకీ, నెల తరవాత కొలిచిన పేపరుకీ సగటు తీస్తే వచ్చే అంకెకి అర్థం లేదు.

తరవాత, మందు పేర్లని విప్పండి. ‘స్టెరాయిడ్’ అనే ఒక్క నోడ్ (నెట్‌వర్క్ బొమ్మలో ఒక మందుకి ఒక చుక్క) పెట్టి ఉంటారు. గుర్రాల ముందుకాలి కీలులో ఎముక ముక్క విరగ్గొట్టి చేసిన ప్రయోగాలు 1997, 1998లో వచ్చాయి. మోకాలు కాకపోయినా పాఠం ఇక్కడికీ పనికొస్తుంది. ఒకే రకం మోడల్‌లో ట్రయామ్సినలోన్ 12 మి.గ్రా. చొప్పున ఇస్తే కీలుకి మేలు కనిపించింది, మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అసిటేట్ 100 మి.గ్రా. చొప్పున ఇస్తే మృదులాస్థికి చేటు కనిపించింది. ఈ రెండింటినీ ఒక నోడ్‌లో కలిపితే ‘ప్రభావం లేదు’ అని వస్తుంది. అది రెండింటికీ అబద్ధమే.

హయలురోనిక్ ఆసిడ్‌లో అణుభారం చూడండి: 5 నుంచి 7 లక్షల డాల్టన్లదీ ఉంది, ఒకదానికొకటి ముడివేసి 60 లక్షల దాకా తీసుకెళ్ళినదీ ఉంది. కీలులో అవి నిలిచే కాలం వేరు. మూలకణాల పేపర్లలో ఇంకో మెలిక ఉంటుంది. కణాల్ని హయలురోనిక్ ఆసిడ్‌లోనే కలిపి ఇచ్చినవి ఉంటాయి. మేకల్లో 2003లో వచ్చిన పేరున్న ప్రయోగం అలాంటిదే. కోటి కణాల్ని సోడియం హయలురోనన్‌లో కలిపి ఇచ్చి, కణాలు లేని హయలురోనన్‌తో పోల్చారు. అక్కడ కంట్రోలు సెలైన్ కాదు. దాన్ని ‘మూలకణాలు, సెలైన్’ గీత మీద పెడితే నెట్‌వర్క్ అక్కడే తప్పుతుంది. ‘కణాలు హయలురోనిక్ ఆసిడ్‌తో’, ‘కణాలు ఒంటరిగా’ అని రెండు నోడ్లు చేయండి.

పీఆర్‌పీ దగ్గర అడగాల్సింది రక్తం ఎవరిది అని. 250 గ్రాముల ఎలుకలో మొత్తం రక్తం సుమారు 16 మి.లీ. జంతువుకి ఇబ్బంది లేకుండా ఒకసారికి తీయగలిగేది అందులో పదో వంతు, ఒకటిన్నర మి.లీ. దాంతో పదే పదే ఇంజెక్షన్లకి సరిపడే ప్లేట్‌లెట్లు రావు. అందుకే ఎలుకల పేపర్లలో సాధారణంగా వేరే ఎలుకని పూర్తిగా రక్తం తీసేసి, దాని ప్లాస్మా వీటికి ఇస్తారు. కొందరు మనిషి పీఆర్‌పీనే ఎక్కిస్తారు. అప్పుడు శరీరం పరాయి ప్రొటీన్ల మీద తిరగబడటం కూడా ఫలితంలో కలిసిపోతుంది. మూడు కిలోల కుందేలు నుంచైతే 15 మి.లీ. దాకా తీయవచ్చు కాబట్టి దాని రక్తం దానికే ఇవ్వగలరు. తెల్లకణాలు తీసేశారా ఉంచారా, ప్లేట్‌లెట్లు రక్తంలో కంటే ఎన్ని రెట్లు అన్నది రాయని పేపరుంటే ‘తెలియదు’ అని గడిలో రాయండి, ఊహించి నింపొద్దు.

మోతాదు సంగతి ఒక్క ఉదాహరణతో చూడండి. మనిషి మోకాలికి ట్రయామ్సినలోన్ 40 మి.గ్రా. 70 కిలోల మనిషి అనుకుంటే కిలోకి 0.57 మి.గ్రా. పావుకిలో ఎలుకకి బరువు లెక్కన 0.14 మి.గ్రా. వస్తుంది. శరీర ఉపరితలం లెక్కన అయితే 6.2తో గుణించాలి, 0.89 మి.గ్రా. అవుతుంది. మనిషికి వాడే మి.లీ.కి 40 మి.గ్రా. ద్రావణం నుంచి తీస్తే మొదటిది 4 మైక్రోలీటర్లు కూడా కాదు, రెండోది 22. ఇద్దరు పరిశోధకులూ ‘మనిషి మోతాదుకి సమానం’ అనే రాస్తారు, మధ్యలో ఆరు రెట్ల తేడా. నిజానికి ఆ రెండు లెక్కలూ ఒళ్ళంతా తిరిగే మందుకి చేసినవి, ఒక కీలులో కూర్చునే మందుకి కాదు. పేపరు ఏం చెప్పినా మీరు కీలుకి ఎన్ని మి.గ్రా., ఎంత పరిమాణంలో అన్నది నేరుగా రాసుకోండి.

ఆ 50 మైక్రోలీటర్లు ఎక్కడికి వెళ్ళాయన్నదీ ఫలితాన్ని మార్చే విషయమే. ఎలుక మోకాలు మడిచి, చిప్ప కింది స్నాయువు మధ్యలోంచి సన్నని సూదితో లోపలికి పోతారు. సూది సరిగ్గా కీలులో ఉంటే పిస్టన్ తేలిగ్గా కదులుతుంది. బిగుసుకుంటే స్నాయువులోనో, దాని వెనకున్న కొవ్వు మెత్తలోనో ఉన్నట్టు. అక్కడ పడిన ఎంఐఏ కీలుని చెడగొట్టదు, అక్కడ పడిన మందు బాగుచెయ్యదు. ఐదు వారాలు వరసగా పొడిస్తే ఆ కొవ్వు మెత్తే మచ్చకట్టి గట్టిపడవచ్చు. ఎంత అనుభవం ఉన్నవారు ఇచ్చారు, చనిపోయిన జంతువులో రంగునీళ్ళతో సరిచూసుకున్నారా అని రాసిన పేపర్లు అరుదు. రాసినవాటిని ఒక మెట్టు ఎక్కువ నమ్మవచ్చు.

ఇక నమ్మలేనంత పెద్ద ప్రభావాల సంగతి. ముందు అనుమానించాల్సింది ప్రామాణిక దోషాన్ని (ఎస్ఈ, సగటు ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పేది) ప్రామాణిక విచలనంగా (ఎస్‌డీ, జంతువుకీ జంతువుకీ ఉన్న తేడాని చెప్పేది) చదవడాన్ని. ఒక పేపర్లో జట్టుకి 9 ఎలుకలు అనుకోండి. సెలైన్ జట్టు స్కోరు 8, మందు జట్టుది 6, రెండు కడ్డీల మీదా మీసం (ఎర్రర్ బార్) 0.5. ప్రభావం అంటే స్కోర్ల తేడాని విచలనంతో భాగించడం. ఆ మీసం విచలనం అనుకుంటే ప్రభావం 2 ÷ 0.5 = 4. అది దోషం అయితే విచలనం 0.5ని 9కి వర్గమూలమైన 3తో గుణించాలి, 1.5. ప్రభావం 2 ÷ 1.5 = 1.33. చిన్న జట్లకి చేసే హెజెస్ సవరణ కూడా కలిపితే 1.27. ఒక్క మాట తప్పు చదివితే మూడు రెట్లు. బొమ్మ కింద సన్నని అక్షరాల్లో ఏది వాడారో రాసి ఉంటుంది. రాయకపోతే రచయితలకి మెయిల్ పెట్టండి, జవాబు రాకపోతే దోషమే అనుకుని లెక్క కట్టి, విచలనం అనుకుంటే ఎంత మారుతుందో విడిగా చూపించండి. ప్రభావం 3 దాటిన ప్రతి పేపర్నీ మళ్ళీ తెరవండి. బొమ్మ నుంచి అంకెలు తీసేటప్పుడు వెబ్‌ప్లాట్‌డిజిటైజర్ లాంటిది వాడి, ఇద్దరు విడివిడిగా తీసి సరిచూసుకుంటే మేలు.

రెండో అనుమానం జంతువుల లెక్క మీద. 6 కుందేళ్ళు, 12 మోకాళ్ళు, పేపర్లో ‘ఎన్ = 12’. ఒకే కుందేలు రెండు మోకాళ్ళు రెండు జంతువులు కావు. పైగా ఒక మోకాల్లో స్టెరాయిడ్, రెండోదాంట్లో సెలైన్ పెట్టి ఉంటే, స్టెరాయిడ్ రక్తంలో కలిసి రెండో మోకాలికీ చేరుతుంది. అప్పుడు కంట్రోలే మందు తిన్నట్టు. నొప్పి కొలతలో అయితే ఒక కాలు కుంటితే బరువు రెండో కాలి మీద పడుతుంది, అదీ మామూలు కాలు కాదు. ఇలాంటి పేపర్లని తీసేసి ఒకసారి లెక్క చేసి చూడండి. ఒకే పేపర్లో మూడు మందులకి ఒకే సెలైన్ జట్టు ఉంటే ఆ జట్టు జంతువుల్నే మూడుసార్లు లెక్కపెట్టారేమో కూడా చూడండి. నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్‌కి అది నాలుగు జట్ల అధ్యయనం అని చెబితే అదే సర్దుకుంటుంది. జతలుగా విడగొట్టి ఎక్కిస్తే సర్దుకోదు.

మృదులాస్థి ఎంత చెడిందో కొలిచే స్కోర్లలో మ్యాంకిన్‌ది 14 దాకా, ఓఏఆర్ఎస్ఐ 2006 పద్ధతి 24 దాకా, చిట్టెలుకలది 6 దాకా పోతుంది. అన్నింట్లోనూ ఎక్కువంటే చెడ్డ. నొప్పికి వాడే వాన్ ఫ్రే తీగల్లో ఎక్కువ బరువు ఓర్చుకుంటే మంచిది. గుర్తు తిప్పడం మరిచిపోయిన ఒక్క పేపరు చాలు, మంచి మందు చెడ్డదిగా కనిపించడానికి. మ్యాంకిన్ 14లో 4 మార్కులు సఫ్రానిన్-ఓ రంగు ఎంత పట్టిందన్నదానికే. ఎముకని మెత్తబరచడానికి గాఢమైన ఆమ్లంలో నానబెడితే మందుతో సంబంధం లేకుండా ఆ రంగు పోతుంది. మెల్లగా పనిచేసే ఈడీటీఏ వాడిన ప్రయోగశాలకీ, నైట్రిక్ ఆసిడ్ వాడినదానికీ స్కోర్లు నేరుగా కలపడం న్యాయం కాదు. మృదులాస్థినీ నొప్పినీ ఎప్పుడూ ఒక లెక్కలో కలపొద్దు.

షామ్ జట్టు (మోకాలు చెడగొట్టకుండా ఉత్తుత్తి ఆపరేషనో ఇంజెక్షనో చేసిన జంతువులు) ఉన్న పేపర్లకి ఇంకో దారి ఉంది, అది నాకు ఎక్కువ నచ్చుతుంది. విచలనంతో భాగించే బదులు, సెలైన్ నుంచి ఆరోగ్యం దాకా ఉన్న దూరంలో మందు ఎంత వెనక్కి తెచ్చిందో శాతంలో చూడటం. షామ్ 1, సెలైన్ 9, మందు 5 అయితే దూరం 8, మందు తెచ్చింది 4, అంటే 50 శాతం. జాతి మారినా, స్కోరు మారినా అర్థం చెడదు. ల్యాబు జంతువులు ఒకే పోలికలో ఉండి విచలనం చిన్నదైపోయి ప్రభావం ఉబ్బిపోయే జబ్బు కూడా దీనికి లేదు.

గైడ్ గారికి ఏమిచ్చుకోవాలి అంటే, నలభైలో ఒకే ప్రయోగశాలలో, ఒకే రోజు చెడగొట్టిన జంతువుల్లో రెండు మందుల్ని ముఖాముఖి పెట్టిన పేపర్లు ఏరండి. వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని ఉన్నా అవే మీ సమీక్షకి వెన్నెముక. తక్కినవాటిని మోడల్ వారీగా, నొప్పి వేరు మృదులాస్థి వేరుగా, జతలుగా చూపించండి. జంతు ప్రయోగాల కోసం చేసిన సిర్కిల్ (SYRCLE) 2014 పరికరంలోని పది ప్రశ్నలతో ప్రతి పేపరుకీ పక్షపాతం అంచనా వేయండి. జంతువుల్ని జట్లుగా ఎలా పంచారో, స్లైడు చదివినవారికి జట్టు తెలుసో లేదో చాలామంది రాయరని అక్కడే బయటపడుతుంది. రాయకపోవడం అంటే చేయలేదని కాదు, ‘స్పష్టత లేదు’ అని మాత్రమే. ఇక ఫనెల్ ప్లాట్ (ప్రతి పేపరు ప్రభావాన్నీ దాని దోషానికి ఎదురుగా చుక్కగా పెట్టే బొమ్మ) గీసి ‘ప్రచురణ పక్షపాతం ఉంది’ (మంచి ఫలితాలే అచ్చయ్యాయి) అని తేల్చేయొద్దు. విచలనంతో భాగించిన ప్రభావమూ దాని దోషమూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి కాబట్టి, పక్షపాతం లేకపోయినా ఆ బొమ్మ ఒక పక్కకి ఒరుగుతుంది.

ర్యాంకు తప్పకుండా కావాలంటే అనుబంధంలో పెట్టండి, పక్కన ప్రతి ర్యాంకుకీ ఎంత విస్తృతి ఉందో చూపించండి. నాలుగు మందులూ ఒకటి నుంచి నాలుగు దాకా ఏ ర్యాంకైనా కావచ్చని వస్తే గైడ్ గారికి వేరే వాదన అక్కర్లేదు.

అమ్మగారి విషయం. ఆ పట్టిక డాక్టరుకి చూపించకండి. కుందేలు మోకాలి మృదులాస్థి మందం 0.3 మి.మీ. చిల్లర, మనిషిది 2 మి.మీ. పైనే. ప్రయోగశాల ఎలుక వయసు వారాల్లో, మగదే ఎక్కువ. మీ అమ్మగారి మోకాలు ఏళ్ళ తరబడి అరిగింది. మనుషుల్లో పీఆర్‌పీని సెలైన్‌తో పోల్చి 288 మంది మీద చేసిన ట్రయల్ 2021లో వచ్చింది. వారానికొకటి చొప్పున మూడు ఇచ్చి ఏడాది తరవాత చూస్తే నొప్పిలోనూ, మృదులాస్థి పరిమాణంలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. స్టెరాయిడ్‌కీ గుడ్డిగా ఓటెయ్యనక్కర్లేదు. 2017లో 140 మందిలో సగం మందికి మూడు నెలలకోసారి 40 మి.గ్రా. ట్రయామ్సినలోన్, తక్కిన సగానికి సెలైన్ రెండేళ్ళు ఇచ్చిన ట్రయల్లో, సెలైన్ జట్టు కంటే మృదులాస్థి ఎక్కువ తరిగింది (0.21 మి.మీ., అవతల 0.10), నొప్పిలో లాభం కనిపించలేదు. అంటే కొన్ని వారాల ఉపశమనానికి ఒకసారి వేయించుకోవడం వేరు, క్యాలెండర్ పెట్టుకుని పొడిపించుకోవడం వేరు.

డాక్టరుని అడగాల్సినవి: ఇది ఎన్నోసారి, మళ్ళీ ఎప్పుడు, మోకాలి మార్పిడి ఆలోచన ఉందా. మార్పిడి దగ్గర్లో ఉంటే ఇంజెక్షన్‌కీ ఆపరేషన్‌కీ మధ్య కనీసం మూడు నెలలు వదలమంటారు, ఇన్ఫెక్షన్ భయం వల్ల. షుగర్ ఉంటే ఇంజెక్షన్ తరవాత కొన్ని రోజులు రీడింగులు పెరుగుతాయి, రోజూ చూసుకోవాలి. మొదటి ఒకటి రెండు రోజులు కాస్త నొప్పి ఎక్కువవడం మామూలే. మోకాలు ఎర్రబడి, ముట్టుకుంటే కాలుతూ, జ్వరం కూడా వస్తే తెల్లారేదాకా ఆగకుండా అదే రోజు చూపించండి.